తవుడు బేరం

మా అత్తవారిది ఉదయగిరి, పుట్టిల్లు ఆత్మకూరు. రెండు చోట్లా అంగళ్ళ మీద బతికినవాళ్ళమే. ఉదయగిరి బజారులో మా ఆయనకు బట్టల అంగడి ఉండేది. ఆత్మకూరులో మా నాయన బియ్యం, పప్పులు, బెల్లం, చింతపండు టోకున అమ్మేవాడు. తక్కెడ చప్పుడు మధ్య పెరిగినదాన్ని గనక నాకు చిన్నప్పటి నుంచీ నోరు జాస్తి, ఓర్పు తక్కువ. ఎవరైనా నా దగ్గర ఒక మాట దాస్తే ఇట్టే పసిగడతానని గర్వం కూడా ఉండేది. ఆ గర్వం ఎట్లా పోయిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

దేశానికి స్వతంత్రం వచ్చిన కొన్నేళ్ళకు నాకు తొలిచూలు. తొలికాన్పు పుట్టింట జరగాలి గనక ఏడో నెలలో మా అమ్మా నాయనా ఉదయగిరి వచ్చి నన్ను బస్సులో తీసుకుపోయారు. బయలుదేరేటప్పటికే మా అత్తగారు మనవడి పేరు కూడా తేల్చేసింది. ఆలూ లేదు చూలూ లేదు అన్నట్టు ఇప్పటినుంచీ పేరెందుకమ్మా అని మా ఆయన నవ్వారు. చూలు ఉంది కదా, మీ సామెత ఇక్కడ పనికిరాదు అన్నాను నేను. దారంతా గుంతలు. బస్సు పడి లేచినప్పుడల్లా మా అమ్మ నా పొట్టకు అడ్డంగా చెయ్యి పెట్టింది. ఆత్మకూరు చేరేదాకా ఆ చెయ్యి తియ్యలేదు.

కాన్పు ఆసుపత్రిలో జరగాలన్నది మా నాయన పట్టు. అంతకు రెండేళ్ళ ముందు మా పెద్దమ్మ కూతురు ఇంట్లోనే నొప్పులు పడి, మంత్రసాని చేతులెత్తేసిన తరువాత బండి కట్టేలోగా పోయింది. ఆ శవాన్ని మోసినవాళ్ళలో మా నాయన ఒకడు. ఈసారి మంత్రసాని మాట ఎత్తితే ఊరుకోనన్నాడు. మా అమ్మకు ఇష్టం లేదు. పరాయి మంచం మీద, పదిమంది మధ్య బిడ్డను కనడమేంది, మనమేమన్నా దిక్కులేనివాళ్ళమా అని గొణిగింది. గొణిగిందే గానీ ఎదురు చెప్పలేదు.

నొప్పులు ఉదయం మొదలయ్యాయి. వసారాలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. నడుము పట్టేసింది. మొదటిసారి గాలి నొప్పి అనుకున్నాను. రెండోసారి గోడ పట్టుకున్నాను. మా అమ్మ నా ముఖం చూసి, పొయ్యి మీది పాలు దించేసి, జట్కా పిలిపించమని నాయనకు కబురు పెట్టింది. ఆ వేళకు బజారు నిండుగా ఉంది. అన్నీ తెలిసిన ముఖాలే. అరిస్తే పరువు పోతుందని కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఎవరో "ఏం శెట్టిగారూ, యాడికి?" అని అడిగితే నాయన "ఈడికే" అని గుర్రాన్ని తోలమన్నాడు.

ఆసుపత్రి పెంకుల కప్పు, ముందు పొడుగాటి వరండా. ఆడవాళ్ళకు ఒక పెద్ద గది, దాని పక్కన కాన్పు గది. కాన్పు గది వాకిట్లో నర్సు మా అమ్మను ఆపేసింది. మా అమ్మకు అది పెద్ద దెబ్బ. మా ఇళ్ళల్లో కాన్పంటే తల్లి వెనక కూర్చుని కూతురి వీపు తన రొమ్ముకు ఆనించి పట్టుకోవాలి. నన్ను కన్నప్పుడు మా అమ్మను మా అవ్వ అట్లాగే పట్టుకుందట. ఇక్కడ నా వీపుకు తగిలింది రబ్బరు గుడ్డ పరిచిన బల్ల. అది చల్లగా ఉంది. నా ఒళ్ళేమో కాలిపోతూ ఉంది.

డాక్టరమ్మ వచ్చి పొట్ట మీద చెయ్యి వేసి, బిడ్డ కదలిక ఎప్పుడు తెలిసింది అని అడిగింది. నిన్న అన్నాను. కాదు, మొన్న అన్నాను. నిజంగా నాకు గుర్తు లేదు. లోపల బిడ్డ ఉంటే కదులుతూనే ఉంటుంది కదా, దాన్ని గుర్తు పెట్టుకునేదేముంది అనుకునేదాన్ని. ఆమె చిన్న గొట్టం ఒకటి పొట్టకు ఆనించి చెవి పెట్టి విన్నది. ఒకచోట విని, ఇంకొకచోట విని, మళ్ళీ మొదటిచోటికి వచ్చింది. నర్సు వైపు చూసింది. "మగబిడ్డేనా?" అని అడిగాను నేను. అది గుర్తుకొస్తే ఇప్పటికీ ఆ బల్ల మీది పిల్ల మీద నాకు జాలేస్తుంది.

నొప్పుల గురించి ఆడవాళ్ళు పెద్దగా మాట్లాడుకోరు. కాన్పంటే పునర్జన్మ అని ఒక మాట అనేసి ఊరుకుంటారు. నన్నడిగితే అది జన్మా కాదు, పునర్జన్మా కాదు. తడిగుడ్డను ఇద్దరు చెరోవైపు పట్టుకుని మెలిపెట్టి పిండినట్టు ఉంటుంది. ఆ గుడ్డ మనమే. నడుములో మొదలై ముందుకు తిరిగి, పొత్తికడుపు కింద బిగుసుకుని, ఇక చస్తాను అనుకునేసరికి వదిలేది. వదిలినప్పుడు గోడ మీది బల్లి కూడా చక్కగా కనిపించేది. ఆ కాస్త తెరిపిలోనే మళ్ళీ వస్తుందన్న భయం మొదలయ్యేది. మధ్యాహ్నానికి నేను తిట్టని మనిషి లేడు. మా ఆయనను, మా అత్తగారిని, ఆమె పెట్టిన పేరును, చివరకు వరండాలో కూర్చున్న నాయనను కూడా తిట్టాను. "ఊపిరి బిగబట్టి ముక్కు, తిట్లు తరవాత తిడుదువు" అని డాక్టరమ్మ కసిరింది. ఆమె కసిరితే నాకు ధైర్యంగానే ఉండేది. చచ్చిపోయేదాన్ని ఎవరూ కసరరు కదా అనుకున్నాను.

ఎండ వాలిపోయినా బిడ్డ బయటికి రాలేదు. నాలో ముక్కే బలం అయిపోయింది. ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టారు. తియ్యటి వాసన వచ్చింది. డాక్టరమ్మ గొంతు దూరంగా ఎవరో పక్కింట్లో మాట్లాడుతున్నట్టు వినిపించింది. ఆ తరువాత నాకేమీ తెలియదు.

మెలకువ వచ్చేసరికి పెద్ద గదిలో ఇనుప మంచం మీద ఉన్నాను. తెల్లగా తెల్లారిపోయింది. మా అమ్మ నా పాదాలకు గుడ్డ చుడుతూ కూర్చుంది. బిడ్డ ఏదని అడిగాను.

"మగబిడ్డ" అంది మా అమ్మ. నవ్వింది కూడా.

నా బిడ్డ చచ్చి పుట్టాడు. బల్ల మీద డాక్టరమ్మ గొట్టం పెట్టి విన్నప్పటికే లోపల ఆ చప్పుడు ఆగిపోయిందట. ఈ సంగతి ఇక్కడే చెప్పేస్తున్నాను. ఆ గదిలో నన్ను ఉంచినట్టు చదివేవాళ్ళను కూడా చీకట్లో ఉంచడం నాకు ఇష్టం లేదు. మా నాయన ఆ రాత్రే వాణ్ణి తీసుకుపోయి ఊరి బయట వంక దగ్గర పూడ్చిపెట్టి వచ్చాడు. నాకు మాత్రం చెప్పకూడదని పెద్దవాళ్ళు అనుకున్నారు. పచ్చి బాలింతకు దుఃఖం తగిలితే సన్ని కమ్ముతుందని, ఒళ్ళు చల్లబడి మాట పడిపోయి మనిషి దక్కదని మా వైపు గట్టి నమ్మకం. పురుడు స్నానం అయ్యేదాకా దాచాలి. బిడ్డ ఎట్లాగూ పోయాడు, కూతురన్నా మిగలాలి. అదీ మా అమ్మ లెక్క.

డాక్టరమ్మ ఒప్పుకోలేదట. నేను చెప్పను గానీ, ఆ పిల్ల నన్నడిగితే అబద్ధం మాత్రం ఆడను అందట. అందుకని ఆమె మంచం దగ్గరికి వచ్చినప్పుడల్లా మా అమ్మ నన్ను నోరు తెరవనిచ్చేది కాదు. తల నొస్తుండాదంట, కాళ్ళు లాగుతుండాయంట, నాలిక చేదుగా ఉండాదంట అని నాకు లేని రోగాలన్నీ గబగబా చెప్పేది. నాకు విసుగొచ్చేది. అయినా కాన్పు గదిలో అన్ని తిట్లు తిట్టినదాన్ని గనక ఆమె ముఖం చూడటానికి మొహమాటపడి నేనూ ఊరుకునేదాన్ని.

బిడ్డ బలహీనంగా ఉన్నాడనీ, గాలి తగలకూడదనీ, అవతలి గదిలో నర్సమ్మ దూదిలో చుట్టి పెట్టుకుందనీ మా అమ్మ చెప్పింది. నాకు కుట్లు పడ్డాయి, మంచం దిగకూడదు. ఎత్తుకుని రమ్మంటే కొత్తబిడ్డను ఇంతమంది కళ్ళల్లో పెట్టడమెందుకే అనేది. ఎట్లా నమ్మావు అని మా పిల్లలు తరువాత అడిగారు. నమ్మాలని ఉన్నవాళ్ళకు సాక్ష్యం ఎందుకు? పైగా మా అమ్మ వాణ్ణి నా కళ్ళ ముందు పెట్టింది.

"ఎట్టా ఉండాడమ్మా?" అని అడిగితే చాలు, తడుముకోకుండా చెప్పేది. వెంట్రుకలు నుదుటి మీదికి దిగి ఉండాయి. వీపంతా నూగు. కింది పెదవి లోపలికి పీల్చుకుంటా నిద్రపోతాడు. పిడికిలి చెంప కిందనే ఉంటాది, తీస్తే ఊరుకోడు. ఆవలించేటప్పుడు ఒక కన్ను మూస్తాడు, ఇంకో కన్ను మూయడు. అదేం మాయో. ఒకసారి చెప్పింది చాలక నేను మళ్ళీ మళ్ళీ చెప్పించుకునేదాన్ని. చెప్పినప్పుడల్లా అదే. ఒక్క మాట తేడా వచ్చేది కాదు.

పాలు పడ్డాయి. రొమ్ములు రాళ్ళయి జ్వరం వచ్చింది. మా అమ్మ గిన్నెలోకి పిండించి, కొంగు కప్పుకుని, అవతలికి తీసుకుపోయి ఖాళీ గిన్నెతో వచ్చేది. "తాగినాడా?" అంటే "తాగినాడు. చాలక ఏడ్చినాడు కూడా" అనేది. ఆ మాట విని నేను పొంగిపోయేదాన్ని. వాడు ఏడవగలిగితే బలం వచ్చినట్టే కదా.

ఆ గదిలో మగబిడ్డ పుడితే అందరికీ కలకండ పంచే అలవాటు ఉండేది. శెట్టిగారి కూతురికి మగబిడ్డంట, అంగడి నిండా కలకండ పెట్టుకుని చేతికి ఒక ముక్క రాలేదే అని ఎవరో ఎగతాళి చేశారు. అది నా చెవిన పడి నేను నాయనకు కబురు పెట్టాను. మా నాయన తన చేత్తోనే పొట్లం కట్టి పంపించాడు. మా అమ్మ మంచం మంచం దగ్గరికీ తిరిగి పంచింది. పెళ్ళికి వెయ్యి అబద్ధాలు ఆడొచ్చన్నారు. పురుటికి ఎన్ని ఆడొచ్చో మా అమ్మకు ఎవరూ చెప్పలేదు పాపం.

మా ఆయన ఉదయగిరి నుంచి వచ్చారు. మగవాళ్ళను లోపలికి రానివ్వరు గనక కిటికీ దగ్గర నిలబడ్డారు. తల ఎత్తలేదు. మగబిడ్డను కన్నదాని ముఖం చూస్తే అరిగిపోతుందా అని వేళాకోళం చేశాను. ఆయన కిటికీ కమ్మీ పట్టుకుని, "ఒళ్ళు జాగ్రత్త" అని వెళ్ళిపోయారు. సిగ్గనుకున్నాను.

నా పక్క మంచం మీద కలువాయి వైపు నుంచి వచ్చిన ఒక కోడలు ఉండేది. పొలాలూ పాడీ ఉన్న పెద్ద కుటుంబం. నా ఈడుదే. అంతకు ముందు ఇద్దరు పిల్లలు పుట్టి, ముట్టుకుని మురిసేలోగా పోయారు. నేను వచ్చిన మర్నాడే ఆమెకు మగబిడ్డ పుట్టాడు. తోడుగా వచ్చిన అత్తగారు ఊరంత గొంతు ఉన్న మనిషి. ఆమె గుసగుస కూడా వరండాలోకి వినిపించేది.

మా వైపు ఒక ఆచారం ఉంది. బిడ్డలు వరసగా పోతుంటే, తరువాత పుట్టినవాణ్ణి చేటలో పడుకోబెట్టి ఇంకో ఇంటామెకు చారెడు తవుడుకు అమ్మేస్తారు. కొన్నామె బిడ్డను ఎత్తుకుని, రొమ్ము నోటికి తాకించి, వీడు నా బిడ్డ, నీకు సాకడానికి ఇస్తున్నా అని తల్లికే తిరిగి అప్పగిస్తుంది. వీడు ఈ ఇంటివాడు కాదు, తవుడుకు వచ్చిన పనికిమాలిన సరుకు అనుకుని మృత్యువు పక్కకు తప్పుకుంటుందని. కొనే మనిషికి ఒకటే షరతు, ఆమె కడుపుకోత ఎరిగి ఉండకూడదు. తవుడు కూడా ఆమె ఇంటినుంచే రావాలి.

మా అమ్మ నాకు పత్యం వండటానికి ఇంటికి పోయిన సమయంలో ఆ పెద్దావిడ నా మంచం దగ్గరికి వచ్చింది.

"అమ్మణ్ణీ, మొదటి కాన్పుకే మగబిడ్డను కన్నావు. పాలు చూస్తే పొంగిపోతుండాయి. నీ చెయ్యి చల్లని చెయ్యి. మా వాణ్ణి నువ్వు కొనాల" అంది.

నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. అప్పటిదాకా నేను ఒకరికి కూతుర్ని, ఒకరికి కోడల్ని. చల్లని చెయ్యి అని నన్ను ఎవరూ అనలేదు. పక్క మంచం మీది పిల్ల నా వైపు చూసి చేతులు జోడించింది. సరేనన్నాను. తవుడుకేం కొదవ, మా అంగడికి పోయి నా పేరు చెప్పమన్నాను. పెద్దావిడ తమ పాలేరును పంపించింది.

మా నాయన అంగట్లో బేరం మధ్యలో ఉన్నాడట. మీ అమ్మాయి మా కలువాయి వాళ్ళ బిడ్డను కొంటుందంట, చారెడు తవుడు ఇవ్వమన్నారు అని పాలేరు చెప్పాడు. నాయన తక్కెడలో ఉన్న సరుకును అట్లాగే వదిలేసి, తవుడు పొట్లం కట్టుకుని తానే బయలుదేరాడు. అదే వేళకు మా అమ్మ క్యారియర్ పట్టుకుని వచ్చింది. ఇద్దరూ వరండాలో కలుసుకున్నారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెబితే కూతురికి సన్ని కమ్ముతుంది. చెప్పకపోతే, రెండు చావులు చూసిన ఇంట్లో పుట్టిన పసిగుడ్డును చచ్చిన బిడ్డ తల్లి చేతిలో పెట్టినట్టవుతుంది. ఆ పాపం ఎవరు మోస్తారు?

పెద్దావిడను బయటికి పిలిచారు. కిటికీలోంచి ముగ్గురూ నాకు కనిపిస్తున్నారు, మాటలు వినపడటం లేదు. మా నాయన చేతిలో పొట్లం అట్లాగే ఉంది. చారెడు తవుడు దగ్గర కూడా బేరమాడుతున్నాడేమో ఈ మనిషి అని నవ్వుకున్నాను. పెద్దావిడ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకోవడం చూశాను. ఆమె తల తిప్పి కమ్మీల్లోంచి నన్ను చూడటం కూడా చూశాను. చూసి ఏమీ అర్థం చేసుకోలేదు.

ఆమె లోపలికి వచ్చింది. నా మంచం పక్కన సిద్ధంగా పెట్టిన చేటను తీసుకుని అవతలి గోడ దగ్గరికి పోయింది. గది ఊడ్చే ఆయాను పిలిచింది. ఆ ఆయాకు ఇంటి నిండా పిల్లలు, అందరూ చల్లగా ఉన్నారు. ఇంట్లో గుప్పెడు తవుడు ఉంటే పట్టుకు రమ్మని ఆమెతో చెప్పింది. ఎన్నడూ లేనిది, నిజంగానే గుసగుసలాడింది.

నాకు ఒళ్ళు మండింది.

"ఏందమ్మా, మా తవుడుకు పురుగు పట్టినాదా?" అన్నాను. "నన్నే గదా ముందు అడిగినావు? నేను ఒప్పుకున్నాను గదా. ఇప్పుడు నా చెయ్యి ఎందుకు పనికిరాలేదు? నాకు పుట్టింది మగబిడ్డ కాదా?"

గది మొత్తం నా వైపు తిరిగింది. ఎవరో ఒకరు ఏదో ఒకటి అనాలి. కనీసం ఆ మనిషి, ఊరంత గొంతున్న మనిషి, తిట్టయినా తిట్టాలి. ఆమె చేట కింద పెట్టి, నేల మీద చతికిలబడి, కొంగుతో ముఖం కప్పుకుంది. పక్క మంచం మీది పిల్ల తన బిడ్డను నాకు కనిపించకుండా గోడ వైపుకు తిప్పుకుంది.

ఆ తిప్పుకోవడంలో నాకు తెలిసిపోయింది.

మా అమ్మ వాకిట్లో నిలబడి ఉంది. "అమ్మా" అన్నాను. ఆమె వచ్చి మంచం మీద కూర్చుంది. క్యారియర్ మూత తీసింది. తీసిన మూత మళ్ళీ పెట్టేసింది.

"ఎప్పుడు?" అన్నాను.

"పుట్టకముందేనమ్మా" అంది.

నాకు సన్ని కమ్మలేదు. మాట పడిపోలేదు. అంత సులభంగా ఏదీ జరగలేదు. చెయ్యి ఎత్తి మా అమ్మను కొట్టాను. భుజం మీద, వీపు మీద, ఎక్కడ పడితే అక్కడ కొట్టాను. ఆమె అడ్డం పెట్టుకోలేదు. కొట్టి కొట్టి ఆమె ఒళ్ళోనే పడి ఏడ్చాను. ఏడుస్తుంటే రవిక ముందంతా పాలతో తడిసిపోయింది. ఇన్నాళ్ళూ పాలు ఏం చేశావని అడిగాను. వెనకాల కానుగ చెట్టు మొదట్లో పోసినా, అక్కడైతే ఎవరూ తొక్కరు అంది.

ఆయా తవుడు తెచ్చింది. వరండా అవతలి చివరకు పోయి ఆ తంతు జరిపించుకున్నారు. నేను వాళ్ళను తప్పు పట్టలేదు. మా నాయన తవుడు పొట్లం విప్పి, గేటు దగ్గర జట్కా గుర్రం ముందు పోసేశాడు. ఆ బిడ్డ బతికాడు. కలువాయి నుంచి సరుకులకు వచ్చేవాళ్ళు తరువాత మా అంగట్లో చెప్పేవాళ్ళు, వాడు నడుస్తున్నాడు, వాడికి మాటలు వచ్చాయి అని. బతకాలనే నేనూ కోరుకున్నాను. అయినా మొదటి రెండేళ్ళు వాడి సంగతి చెవిన పడితే కడుపు రగిలిపోయేది.

ఆ సాయంత్రం నాయన కిటికీ దగ్గరికి వచ్చాడు. నేను ఏడ్చి ఏడ్చి అలిసిపోయి ఉన్నాను.

"వాణ్ణి నువ్వేగా తీసుకుపోయింది నాయనా. ఎవరి పోలిక?" అని అడిగాను.

సరుకు చేత్తో తాకి చూడనిదే మాట చెప్పని మనిషి మా నాయన.

"గుడ్డ తియ్యలేదమ్మా. నా వల్ల కాలేదు" అన్నాడు.

పోనీలే, మా అమ్మ చూసింది కదా అనుకున్నాను. నాకు అదొక్కటే ఆసరా. చనిపోయిన సంగతి అబద్ధం చెప్పింది గానీ ముఖం అబద్ధం చెప్పలేదు కదా. వాడు కదలకపోయినా ఆ నుదురు, ఆ వెంట్రుకలు, ఆ పెదవి వాడివే కదా. ఉదయగిరికి ఒట్టి ఒడితో తిరిగి పోయాను. మా అత్తగారు ఒక్క మాట అనలేదు, తాను పెట్టిన పేరును మళ్ళీ ఎత్తలేదు. మా ఆయన అంగడికి పోయిన తరువాత, వంట అయిపోయి ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడు, గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుని వాణ్ణి చూసుకునేదాన్ని. పాపిట దగ్గర మొదలుపెట్టి పాదాల దాకా. ఆవలింతలో మూయని ఆ కన్ను దగ్గర ఆగేదాన్ని. చచ్చి పుట్టినవాడు ఆవలించడని నాకు తెలియక కాదు. కాని వాడిలో దేన్నీ వదులుకోబుద్ధి కాలేదు.

కొన్నేళ్ళకు మళ్ళీ కాన్పు వచ్చింది. అదే ఆత్మకూరు, అదే ఆసుపత్రి. ఈసారి ఆడపిల్ల. పుట్టగానే ఆ గది కప్పు ఎగిరిపోయేటట్టు ఏడ్చింది. పురుడు అయ్యాక ఇంటి పెరట్లో మా అమ్మ కాళ్ళు చాపుకుని, పాపను కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టి నీళ్ళు పోస్తూ ఉంది. నేను గడప మీద కూర్చుని చూస్తున్నాను. వీపంతా నూగు. వెల్లకిలా తిప్పింది. వెంట్రుకలు నుదుటి మీదికి దిగి ఉన్నాయి. పాప కింది పెదవి లోపలికి పీల్చుకుని, ఆవలించింది. ఒక కన్ను మూసుకుంది. రెండోది మూయలేదు.

నాకు కలిగింది సంతోషమో దుఃఖమో తెలియలేదు.

"అమ్మా, అచ్చం వాడి మాదిరే ఉండాదే" అన్నాను.

మా అమ్మ చెంబు పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. నా వైపు చూడలేదు.

"వాణ్ణి నేను చూళ్ళేదే" అంది. "నర్సమ్మ చూపిస్తానని పిలిచింది. నేనే వద్దన్నా. చూసుంటే నీ ముందర నవ్వుతా అబద్ధం ఆడగలనా?"

"మరి అవన్నీ?"

"నువ్వు పుట్టినప్పుడు ఎట్టుండావో అదే చెప్పినా. నాకు తెలిసిన మొహం అదొక్కటే గదా."

చెంబులో నీళ్ళు చల్లారిపోతున్నాయని పాపకు తల మీద పోసేసింది. పాప ఏడుపు లంకించుకుంది. తుడిచి, సాంబ్రాణి పొగ పట్టి, తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. పాలు పట్టాను. వాడి ముఖం కోసం కళ్ళు మూసుకున్నాను. మా అమ్మ చెప్పినవన్నీ వరసగా గుర్తుకొచ్చాయి, ఒక్కటి కూడా వాడిది కాదు. వాణ్ణి చూసిన కళ్ళు మా ఇంట్లో ఒక్క జత కూడా లేవు.